బండి ఎక్కడుంది? ట్రాకర్, టవరు, క్లౌడ్ గురించి మా దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో బండ్లకు ట్రాకర్లు బిగించడం నా పని. స్కూలు వ్యాన్లు, డీసీఎంలు, ఇసుక లారీలు, బోరు బండ్లు, సీజన్‌లో హార్వెస్టర్లు మా షాపు ముందు ఆగుతాయి. మేం డ్యాష్‌బోర్డు విప్పి మళ్ళీ బిగించేలోపు యజమానులు టీ తాగుతూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఇక్కడ రాసి పెట్టాను.

కనెక్టెడ్ వెహికల్ అంటే కొత్త కార్లేనా? మా పాత టాటా ఏస్ కాదా?

అదీ అవుతుంది. బండికి తన సంగతి తనకు తెలియాలి, దాన్ని బయటికి చెప్పగలగాలి, అవతల ఒకరు విని రాసిపెట్టుకోవాలి. ఈ మూడూ కుదిరితే అది కనెక్టెడ్ బండే. కొత్త కార్లలో ఇందుకు కావలసిన డబ్బా కంపెనీ నుంచే వస్తుంది. ఇంజన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల కంప్యూటర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి 'క్యాన్' అనే తీగల దారి ఉంటుంది. బాష్ కంపెనీ 1986లో దాన్ని బయటపెట్టింది. కంపెనీ డబ్బా ఆ దారికే కలిసి ఉంటుంది కాబట్టి ఇంజన్ వేడి దగ్గర్నుంచి టైరు గాలి దాకా తెలుసుకోగలదు. మీ ఏస్‌లో మేం బిగించే డబ్బాకు అంత తెలియదు. చోటు, వేగం, తాళం ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, బ్యాటరీ వోల్టేజీ ఎంత, ఇవి చెబుతుంది. పది బండ్లున్న యజమాని పొద్దున లేచి చూసుకునేది కూడా ఇవే.

జీపీఎస్ ఉంది కదా, మళ్ళీ సిమ్ ఎందుకు? నెలనెలా రీఛార్జ్ ఎందుకు?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ "ఇప్పుడు టైం ఇంత, నేను ఫలానా చోట ఉన్నాను" అని చెప్పుకుంటూ పోతాయి, అంతే. మీ బండిలో డబ్బా ఆ మాటలు వింటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినపడితే, ఏ మాట ఎంత ఆలస్యంగా అందిందో లెక్కగట్టి తానెక్కడుందో తేల్చుకుంటుంది. మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ళ పేర్లు మైకులో చదువుతుంటారు చూడండి, అట్లాంటిదే. విన్నవాడికి సంగతి తెలుస్తుంది. ఎవరు విన్నారో, ఎక్కడ నిలబడి విన్నారో మైకు దగ్గరున్న మనిషికి తెలియదు. ఉపగ్రహానికి మీ డీసీఎం ఈ లోకంలో ఉందన్న సంగతే తెలియదు.

తానెక్కడుందో డబ్బాకు తెలిసింది సరే, మీకెలా చెప్పాలి? అక్కడే సిమ్ కావాలి. సెల్ టవరు ద్వారా ఇంటర్నెట్‌లోకి పంపాలి. ఆకాశం కనపడి టవరు లేకపోతే బండికి తెలుస్తుంది, మీకు తెలియదు. స్లాబు కింద నిలబెట్టారనుకోండి, టవరు ఉంటుంది గానీ ఆకాశం కనపడదు. అప్పుడు పాత చోటునే మళ్ళీ మళ్ళీ పంపుతుంది. "జీపీఎస్ పోయింది" అని ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమందికి నిజానికి జీపీఎస్ బాగానే ఉంటుంది. పోయింది సిమ్ వ్యాలిడిటీ.

పేరు జీపీఎస్ అంటాం గానీ ఇప్పుడు వచ్చే డబ్బాలు అమెరికా వాళ్ళ జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా గ్లోనాస్‌నూ మన ఇస్రో నావిక్‌నూ కూడా వింటాయి.

క్లౌడ్ అంటే ఎక్కడుంటుంది?

మబ్బుల్లో మాత్రం కాదు. పెద్ద పెద్ద షెడ్లలో, ఏసీ వేసి, కరెంటు పోతే జనరేటర్ పెట్టి నడిపే కంప్యూటర్లు అవి. వాటిని గంటల లెక్కన కిరాయికిస్తారు. మైక్రోసాఫ్ట్ 2015లో పుణె, చెన్నై, ముంబైలలో ఇట్లాంటివి తెరిచింది. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచింది. ట్రాకర్ కంపెనీల్లో చాలావాటికి సొంత కంప్యూటర్లు ఉండవు, ఇట్లాంటి చోటే కిరాయికి తీసుకుంటాయి.

బండి నుంచి వచ్చిన మాటను ముందు ఒక సర్వర్ అందుకుంటుంది. అది వచ్చినవన్నీ వరుసలో నిలబెడుతుంది. ఆ వరుస నుంచి ఒక్కొక్కటే తీసి డేటాబేస్‌లో రాస్తారు. రాసేటప్పుడే "వేగం 80 దాటిందా, మ్యాపులో మీరు గీసిన గీత దాటిందా, రాత్రి పదకొండు తర్వాత కదిలిందా" అని చూసుకుంటారు. దాటితే మీ ఫోన్ మోగుతుంది. బండికీ సర్వర్‌కూ మధ్య మాట్లాడుకోవడానికి చాలాచోట్ల ఎంక్యూటీటీ అనే పద్ధతి వాడతారు. 1999లో ఎడారుల్లో ఉండే చమురు పైపులైన్ల మీద కన్నేసి ఉంచడానికి దాన్ని తయారుచేశారు. ఉపగ్రహం ద్వారా పంపే ఒక్కో అక్షరానికీ పైసలు కట్టాల్సిన రోజులవి. అందుకే అది చాలా పొదుపుగా మాట్లాడుతుంది. ఆ పొదుపే ఇప్పుడు మన బండ్లకు పనికొచ్చింది.

కిరాయికి ఎందుకంటారా? పెళ్ళికి వెయ్యి కుర్చీలు ఎవరూ కొనరు, టెంట్ హౌస్ నుంచి తెస్తారు. జాతర నాలుగు రోజులూ, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు లారీలు బారులు తీరే రోజుల్లోనూ సర్వర్ల మీద పని పెరుగుతుంది. ఆ రోజులకు నాలుగు కంప్యూటర్లు ఎక్కువ తీసుకుని తర్వాత వదిలేయొచ్చు.

నెలకు ఎంత డేటా అవుతుంది?

మీరనుకునేంత కాదు. ఒక్కో మెసేజ్ 200 బైట్లు అనుకోండి. పది సెకన్లకొకటి చొప్పున ఎనిమిది గంటలు నడిస్తే 2,880 మెసేజ్‌లు, అంటే రోజుకు 600 కేబీ లోపే. నెలంతా కలిపినా 18 ఎంబీ దాటదు. వాట్సాప్‌లో ఒక పెళ్ళి వీడియో అంత. కెమెరా పెడితే మాత్రం లెక్క మారిపోతుంది. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున లైవ్ పంపినా గంటకు 450 ఎంబీ పోతుంది. అందుకే మంచి కెమెరాలు వీడియోను లోపలి కార్డులోనే దాచుకుని, గట్టి బ్రేకు పడ్డప్పుడో దెబ్బ తగిలినప్పుడో ఆ పది ఇరవై సెకన్ల ముక్కనే పైకి పంపుతాయి.

పస్రా దాటితే సిగ్నల్ ఉండదు. మరి మేడారం, ఏటూరునాగారం పోయే బండ్లకు ట్రాకర్ దండగేనా?

దండగ కాదు. అయితే ఏ డబ్బా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నన్నడిగితే ట్రాకర్ మంచిదా చెడ్డదా తేల్చేది సిగ్నల్ ఉన్నప్పుడు కాదు, లేనప్పుడే.

ములుగు దాకా ఇబ్బంది లేదు. తాడ్వాయి అడవి మొదలయ్యాక చెట్లు, గుట్టలు, టవరుకూ టవరుకూ మధ్య దూరం, మూడూ కలిసి వస్తాయి. ఫోన్‌లో గీతలు ఒకటొకటిగా పోతాయి. అప్పుడు చవక డబ్బా ఏం చేస్తుందంటే, పంపబోయి, కుదరక, ఆ మాటను పారేస్తుంది. మంచి డబ్బా దాన్ని తన మెమరీలో దాచుకుని, టవరు దొరకగానే పాతవన్నీ వరుసగా పంపుతుంది. ప్రజారవాణా బండ్లకు పెట్టిన ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ఇట్లా కనీసం 40,000 చోట్లు దాచుకోగలగాలి. పది సెకన్లకొకటి లెక్కన నాలుగు లక్షల సెకన్లు, అంటే 111 గంటలు. బండి నాలుగు రోజులు అడవిలోనే తిరిగినా ఒక్క మలుపు కూడా పోదు.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. నర్సంపేట వైపు నుంచి ఒక యజమాని జాతరకు డీసీఎం పంపాడు. పస్రా దగ్గర మూడు గంటలు ఆగినట్టు యాప్‌లో చూపించింది. డ్రైవర్ ఫోనూ కలవలేదు. తెల్లారి బండి వెనక్కి వస్తూ ములుగు దగ్గర సిగ్నల్‌లోకి రాగానే దాచుకున్నవన్నీ ఒక్కసారిగా సర్వర్ మీద పడ్డాయి. నేను అప్పట్లో తీసుకుంటున్న ఆ సాఫ్ట్‌వేర్ అవి "ఎప్పుడు జరిగాయి" అని చూడకుండా "ఎప్పుడు అందాయి" అని చూసింది. దాని లెక్కలో ఆ బండి రాత్రంతా తిరిగిన దారిని రెండు నిమిషాల్లో తిరిగేసింది. ఓవర్‌స్పీడ్ అని యజమాని ఫోన్‌కు పదిహేను మెసేజ్‌లు. ఆయన డ్రైవర్‌ను దింపేసినంత పని చేశాడు. నేను డబ్బా విప్పి, అందులోని అసలు టైములు చూపించి, ఆ పిల్లాడి పని కాపాడాను. అప్పటి నుంచి ఏ కంపెనీ వాళ్ళొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: మీ మ్యాపు డబ్బా టైము చూస్తుందా, సర్వర్ టైము చూస్తుందా?

జాతరలో ఫోన్‌కు ఫుల్ సిగ్నల్ చూపిస్తుంది గానీ ఏదీ పోదు. ట్రాకర్‌కూ అంతేనా?

అంతే. గీతలు చెప్పేది టవరు మాట మీకు ఎంత గట్టిగా వినపడుతుందన్నది. మీ మాట వినే తీరిక టవరుకు ఉందా అన్నది గీతలు చెప్పవు. ఒక టవరు దగ్గరున్న రేడియో జాగాను అక్కడున్న ఫోన్లన్నీ పంచుకోవాలి. లక్షల మంది ఒకేసారి వీడియో కాల్ చేయబోతే ముందు "నాకు వంతు ఇవ్వు" అని అడిగే దగ్గరే గుద్దుకుంటాయి. అందుకే జాతర రోజుల్లో కంపెనీలు లారీల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతాయి. ట్రాకర్ మాట 200 బైట్లే కాబట్టి సందు దొరికితే దూరిపోతుంది. మీ వీడియో కాల్ కలవనప్పుడు కూడా బండి చుక్క అప్పుడప్పుడు కదలడం చూస్తారు.

ఏ సిమ్ వేయాలి? ఇంట్లో ఉన్న పాత సిమ్ వేయొచ్చా?

నడుస్తుంది. కానీ నేను వేయను. రీఛార్జ్ ఎవరికీ గుర్తుండదు, బండి ఎక్కడో ఉన్నప్పుడు ఆగిపోతుంది. యంత్రాల కోసం వేరే సిమ్‌లు ఉన్నాయి. వాటి నంబరు 13 అంకెలు ఉంటుంది, మామూలు ఫోన్లలాగా పది కాదు. ఏఐఎస్-140 డబ్బాల్లో సిమ్ లోపలే అతికించి వస్తుంది, ఊడదీయడానికి రాదు. ఎండకూ కుదుపుకూ సిమ్ స్లాట్లు లూజవడం నేను చాలా చూశాను, అందుకని అదే నయం.

ఇంకొకటి. పాత స్టాకు 2జీ డబ్బాలు ఇప్పటికీ చవకగా అంటగడుతున్నారు. జియోకు అసలు 2జీయే లేదు. 4జీ ఉండి, అది దొరకనప్పుడు 2జీకి దిగేది తీసుకోండి. అడవి ఊళ్ళలో ఆ 2జీయే ఒక్కోసారి దిక్కవుతుంది.

5జీ వచ్చింది కదా, ఇక బండ్లు వాటంతటవే నడుస్తాయా?

మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైంది. కాజీపేట చౌరస్తాలో సినిమా డౌన్‌లోడ్ చేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంది. బండి నడపడం వేరే సంగతి.

గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. జవాబు రావడానికి సెకనులో పదోవంతు పట్టినా బండి రెండు మీటర్లకు పైగా జరిగిపోయింది. ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మారేటప్పుడు రెండు సెకన్లు తడబడితే 44 మీటర్లు. అంతలో ముందు ట్రాక్టర్ అడ్డం తిరిగితే? ఇంజనీరింగ్ పిల్లలు కొందరు "సర్వర్ హైదరాబాద్‌కు వచ్చింది కదా, దూరం తగ్గింది" అంటారు. వరంగల్ నుంచి హైదరాబాద్ 145 కిలోమీటర్లు. గాజు తీగలో వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ఒకటిన్నర మిల్లీసెకన్లు చాలు. ఆలస్యం తీగలో లేదు. గాలిలో వంతు కోసం ఆగడంలో ఉంది, పోయిన మాటను మళ్ళీ పంపడంలో ఉంది, సర్వర్ దగ్గర వరుసలో ఉంది.

ఆ వరుసను తగ్గించడానికి 'ఎడ్జ్' అనే పద్ధతి వచ్చింది. లెక్కలు చేసే కంప్యూటర్‌ను దూరం ఊళ్ళో కాకుండా టవరు దగ్గరో, బండిలోనో పెట్టడం. కెమెరా చూసింది మనిషా పశువా అన్నది బండిలోనే తేలిపోవాలి. ఈ మలుపు దగ్గర రోజూ బండ్లు గట్టిగా బ్రేకు వేస్తున్నాయి అన్నది మాత్రం వెయ్యి బండ్ల సంగతులు ఒకచోట పెట్టి చూస్తే గానీ తెలియదు. అది క్లౌడ్ పని. బ్రేకు ఎప్పుడూ టవరు మీద ఆధారపడకూడదు. ఎవరైనా మీకు అట్లాంటిది అమ్మజూపితే టీ ఇచ్చి పంపేయండి.

బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయట, నిజమేనా?

నిజమే, మన రోడ్ల మీద ఇంకా కాదు. దీన్ని వీటూఎక్స్ అంటారు. ముందు బండి బ్రేకు వేయగానే వెనక బండికి నేరుగా చెబుతుంది, మధ్యలో టవరు, క్లౌడ్ ఏమీ ఉండవు. అమెరికా 1999లోనే ఇందుకోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర కొంత జాగా కేటాయించింది. ముందు వైఫైకి చుట్టమైన ఒక పద్ధతి వచ్చింది. తర్వాత 2017లో సెల్‌ఫోన్ ప్రమాణాలు రాసేవాళ్ళు తమ పద్ధతి తెచ్చారు. రెండింటికీ ఏళ్ళ తరబడి పోటీ నడిచి, 2020లో అమెరికా ఆ జాగాలో సగానికి పైగా మామూలు వైఫైకి ఇచ్చేసి, మిగిలింది సెల్‌ఫోన్ పద్ధతికి వదిలింది. ఇరవై ఏళ్ళు ఖాళీగా ఉంచిన ప్లాటులో చివరికి పక్కవాళ్ళు ఇల్లు కట్టుకున్నట్టయింది.

అందులో నాకు నచ్చేది టవరు లేకుండా నడవడం. తాడ్వాయి అడవిలో కూడా రెండు బండ్లు మాట్లాడుకోగలవు. నచ్చనిది, రెండిటికీ ఆ డబ్బా ఉంటేనే పని జరగడం. రాత్రిపూట వెనక రేడియం స్టిక్కర్ కూడా లేని పత్తి ట్రాక్టర్‌కు, రోడ్డు మీద పడుకున్న బర్రెకు ఎవరు బిగించాలి? సంగారెడ్డి దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో 2022లో డ్రైవర్ లేని బండ్లకు పరీక్షా మైదానం తెరిచారు. మన రోడ్లకు పనికొచ్చేదేదైనా వస్తే అట్లాంటి చోట మన బర్రెలను చూశాకే రావాలి.

ఫాస్టాగ్ ఉంది కదా, దాంతోనే ట్రాక్ చేయొచ్చా?

చేయలేరు. అందులో బ్యాటరీ లేదు, సిమ్ లేదు. టోల్ గేటు దగ్గర యాంటెనా పంపే రేడియో శక్తితోనే ఒక్క క్షణం మేలుకుని తన నంబరు చెప్పి మళ్ళీ నిద్రపోతుంది. కోమళ్ళ టోల్ దాటిందని మెసేజ్ వస్తుంది. దాటాక ఏ దాబా దగ్గర ఆగిందో అది చెప్పదు.

ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ఫోన్‌లో ఎలా చూపిస్తున్నారు?

ఇదే పద్ధతి. 2023 ఆగస్టులో ఆర్టీసీ 'గమ్యం' యాప్ తెచ్చింది. బస్సులో డబ్బా, టవరు, సర్వర్. పది నిమిషాల్లో వస్తుందని చూపించేది మాత్రం అంచనా. మధ్యలో రైల్వే గేటు పడితే యాప్‌ను తిట్టి లాభం లేదు.

ఏఐఎస్-140 ఎవరికి తప్పనిసరి? పానిక్ బటన్ నొక్కితే ఏమవుతుంది?

కేంద్రం నిబంధన ప్రకారం 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజారవాణా వాహనాలకు ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. ద్విచక్ర వాహనాలు, ఆటోల్లాంటి మూడు చక్రాలవి, ఈ-రిక్షాలు ఇందులోకి రావు. మీ బండి ఏ కోవలోకి వస్తుందో ఆర్టీఏ ఆఫీసులోనే అడగండి, బ్రోకర్ను కాదు. బటన్ నొక్కితే డబ్బా అన్ని పనులూ ఆపి ముందు ఆపద మెసేజ్ పంపుతుంది. బండి బ్యాటరీ తీగ కోసేసినా లోపలి బ్యాటరీతో కనీసం నాలుగు గంటలు నడవాలని ప్రమాణం. బిగించిన రోజే మా ముందు ఒకసారి నొక్కించి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకుని పొండి. బటన్ మీద ఉన్న ప్లాస్టిక్ కవరు కూడా తీయని బస్సులు నేను చూశాను.

హార్వెస్టర్ ఎన్ని గంటలు కోసిందో, ఎన్ని ఎకరాలు కోసిందో తెలుస్తుందా?

గంటలు బాగానే తెలుస్తాయి. కాకపోతే తాళం ఆన్‌లో ఉన్న గంటలు వేరు, కోసిన గంటలు వేరు. ఊరు నుంచి ఊరికి పోయేటప్పుడు, వడ్లు ట్రాలీలో పోసేటప్పుడు, గట్టు మీద డ్రైవర్ అన్నం తినేటప్పుడు కూడా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. మేం వేగం, తిరిగే తీరు చూసి వేరు చేస్తాం. నడిచే మనిషి వేగంతో ఒకే మడిలో పోతూ వస్తూ ఉంటే కోత. రోడ్డు మీద తిన్నగా పోతే ప్రయాణం. తీగ ఒకటి అదనంగా వేసి కోత భాగం తిరుగుతుందా లేదా అని నేరుగా తెలుసుకుంటే ఇంకా మంచిది, రైతుతో గంటల దగ్గర గొడవ ఉండదు.

ఎకరాల దగ్గర జాగ్రత్త. ఎకరం మడి చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు సుమారు 64 మీటర్లు. మామూలు జీపీఎస్ మూడు మీటర్లు అటూ ఇటూ చూపించడం సహజం. ఒక్క వైపున మూడు మీటర్లు తప్పితే 190 చదరపు మీటర్లు పోయినట్టే. గుంట అంటే సుమారు 101 చదరపు మీటర్లు కదా, అంటే దాదాపు రెండు గుంటల తేడా. మనూళ్ళలో రెండు గుంటలకు పంచాయితీలే జరుగుతాయి. యాప్‌లో ఎకరాలు చూసి బిల్లు వేయకండి.

డీజిల్ తీస్తున్నారని అనుమానం. దొరుకుతారా?

ట్యాంకులో కడ్డీ సెన్సార్ వేస్తే దొరుకుతారు, సరిగ్గా వేస్తేనే. ట్యాంకు ఖాళీ చేసి, పది లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ రీడింగ్ రాసుకోవాలి, ఎందుకంటే ఏ ట్యాంకూ పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉండదు. ఈ పని రెండు గంటలు పడుతుంది, చాలామంది ఎగ్గొడతారు. గుట్ట ఎక్కితే డీజిల్ ఒక పక్కకు ఒరిగి పది లీటర్లు తగ్గినట్టు చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కొన్ని నిమిషాల రీడింగులు కలిపి చూడాలి. బండి ఆగి, ఇంజన్ ఆఫ్‌లో ఉండి, లెవెల్ దిగి మళ్ళీ పెరగకపోతే అప్పుడు మాట్లాడండి. ఒక్క గ్రాఫు చూసి మనిషి మీద నింద వేయకండి.

ట్రాకర్ వల్ల బ్యాటరీ దిగిపోతుందా?

రోజూ తిరిగే బండికి దిగదు. ఆగి ఉన్నప్పుడు డబ్బా నిద్రలోకి పోయి అప్పుడప్పుడే లేస్తుంది. సీజన్ అయిపోయాక ఆరు నెలలు షెడ్డులో పెట్టే హార్వెస్టర్‌కు మాత్రం బ్యాటరీ తీగ తీసేయండి.

ఫోన్ నుంచే ఇంజన్ ఆపే సౌకర్యం పెట్టించుకోవచ్చా?

రిలే వేస్తాం, అంటే ఫోన్ ఆర్డర్‌తో ఇంజన్ ఆపే స్విచ్చు. కానీ బండి కదులుతున్నప్పుడు ఆ ఆర్డర్ పనిచేయకుండా కూడా సెట్ చేస్తాం, వద్దన్నా వినం. నడుస్తున్న లారీకి ఇంజన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గాలి నిండదు.

మీరు ఆపగలిగితే ఇంకొకడూ ఆపగలడు. 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు హైవే మీద పోతున్న జీప్ కారును మైళ్ళ దూరంలో ఇంట్లో కూర్చుని సెల్ నెట్‌వర్క్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. పాటల పెట్టెలోంచి లోపలికి దూరి, అక్కణ్ణుంచి నేను పైన చెప్పిన క్యాన్ తీగల దాకా పోయారు. కంపెనీ 14 లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. మన చవక డబ్బాల్లో అంత తెలివి కూడా అక్కర్లేదు. ఎస్ఎంఎస్‌తో ఆర్డర్ ఇచ్చే వాటిలో చాలావాటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డు 123456. బిగించేవాడు మార్చడు, యజమానికి తెలియదు. ఈ రోజే మార్పించండి.

డ్రైవర్‌కు చెప్పకుండా పెట్టొచ్చా?

వద్దు. బండి మీదే, అందులో తిరిగే మనిషి మీ సొత్తు కాదు. డ్యూటీ దిగాక బండి ఇంటికి తీసుకుపోతే ఆయన ఇల్లు, పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు అన్నీ మీ ఫోన్‌లో కనపడతాయి. వ్యక్తిగత సమాచారం రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. నేను బిగించేటప్పుడు డ్రైవర్‌ను పక్కనే నిలబెట్టి చూపిస్తాను. చెప్పి పెట్టిన డబ్బాల తీగలు కోయడం నేను చూసింది తక్కువ.

కంపెనీ మూతపడితే?

నాకు జరిగింది. ఒక కంపెనీ సర్వర్ కిరాయి కట్టలేదో ఏమో, ఒక పొద్దున నా దగ్గర బిగించిన నలభై బండ్ల చుక్కలు మాయమయ్యాయి. ఫోన్ ఎత్తలేదు. డబ్బాలు బాగానే ఉన్నాయి, ఇంకా చెబుతూనే ఉన్నాయి, వినేవాడు లేడు. వేరే సర్వర్‌కు తిప్పుదామంటే సెట్టింగులకు వాళ్ళు పెట్టిన పాస్‌వర్డు నా దగ్గర లేదు. నలభై డబ్బాలూ విప్పి కొత్తవి వేశాను, సగం నా చేతి పైసలే. ఇప్పుడు సర్వర్ అడ్రసు, పోర్టు, పాస్‌వర్డు కాగితం మీద రాసిస్తేనే సరుకు దించుకుంటాను. మీరు కూడా ఆ కాగితం అడగండి. పాత రూటు హిస్టరీని ఎక్సెల్‌లో దించుకోవడానికి వస్తుందో లేదో కూడా చూసుకోండి.

బిగించడానికి ఎంతసేపు పడుతుంది? ఎక్కడ పెడతారు?

గంట, గంటన్నర. డ్యాష్‌బోర్డు లోపల, ప్లాస్టిక్ కింద పెడతాం. ఇనుప రేకు అడ్డం ఉంటే ఉపగ్రహం వినపడదు. ఇంజన్ వేడి తగిలే చోట, ఏసీ నీళ్ళు కారే చోట పెట్టం. హార్వెస్టర్లకు సీటు వెనక, దుమ్ము దూరకుండా రబ్బరు కవరుతో. పొద్దున తొమ్మిదింటికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తీసుకురండి, ఆర్సీ జిరాక్సు వెంట తెచ్చుకోండి. బిగించాక పైసలు ఇవ్వకముందే ఒకసారి పస్రా దాటి పోయి రండి. వెనక్కి ములుగు చేరాక మ్యాపులో ఆ అడవి దారి మలుపులతో సహా గీసి ఉంటే అప్పుడు ఫోన్‌పే చేయండి. తిన్నటి గీత ఒకటే ఉంటే బండి మళ్ళీ మా షాపు ముందుకు తెచ్చి ఆపండి.